ఎడమవైపు కుట్టు

మా అక్క కత్తెర పట్టిందంటే గీసిన గీత చివరిదాకా వెళ్ళాకే తల ఎత్తుతుంది. అలాంటిది ఒకరోజు సగం గీతలో కత్తెర కింద పెట్టి, ఎడమ రొమ్ము అదుముకుని నిలబడిపోయింది. అక్క అంటే సొంత అక్క కాదు. ఆమె దర్జీ. ఆమె కొట్టులో కాజాలు కుట్టి, బొత్తాలు వేసి, ఇస్త్రీ చేసే పని నాది. కానీ ఆమెను ఎవరైనా ఒక్క మాటంటే ముందు మండేది నా ఒళ్ళే. ఈ సంగతి మొదటే చెబుతున్నాను, తర్వాత నన్ను తప్పు పట్టొద్దు.

నొప్పి పోలేదు. డాక్టరమ్మ నొక్కి చూసి, చేతికి గడ్డలాంటిదేమీ తగలడం లేదు, అయినా స్కాన్ తీయాలి, అవసరమైతే సూది పరీక్ష కూడా చేయాలి అంది. స్కాన్‌కి వచ్చే నెలలో తేదీ ఇచ్చారు. అక్క చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ రొమ్ములో జబ్బుతోనే పోయింది. ఇప్పుడు అక్క కూతురిది ఇంచుమించు అదే వయసు. ఇంక ఆమెకి నిద్ర ఎక్కడ పడుతుంది?

రోజుకి ఎన్నిసార్లో ట్రయల్ గదిలోకి వెళ్ళి పరదా లాక్కునేది. అక్కడ నొక్కి చూసుకునేది. నొక్కీ నొక్కీ నొప్పి పెంచుకుని, పెరిగిందని మళ్ళీ భయపడేది. కొలతలు తీసిన మనిషినే పిలిచి మళ్ళీ కొలిచేది. కూతురికి జడ తనంతట తనే అల్లుకోవడం నేర్పింది. ఒకరోజు పెద్ద కత్తెర నా ముందు పెట్టి, ఇది నువ్వు ఉంచుకో అంది. నోరు మూసుకుని పని చూసుకోమన్నాను. అని, ఇస్త్రీ బల్ల వైపు తిరిగి ఏడ్చాను. ఆమె మొగుడు, మా బావ, బస్సు నడుపుతాడు. బంగారంలాంటి మనిషే గానీ, ‘ఏం కాదులే’ తప్ప ఇంకో మాట రాదు.

ఉండబట్టలేక అక్క తోడికోడలికి చెప్పుకుంది. బావ అన్నగారి భార్య, అదే ఇంట్లో మా కొట్టు పై అంతస్తులో ఉంటుంది. నేను మేడమీదావిడ అంటాను. పేరు పెట్టి పిలవడానికి నాకు మనసొప్పదు. పెద్ద హోటల్లో వచ్చేవాళ్ళకి గదులు చూపించే ఉద్యోగం. పదిమందిని చూసిన మనిషి కదా, ధైర్యం చెబుతుందనుకుంది పిచ్చిది. ఎవరికీ చెప్పొద్దని కూడా అంది. పాలకి పిల్లిని కాపలా పెట్టడమంటే అదే.

ఆ ఆదివారం ఇంటిల్లిపాదీ అన్నంబల్ల దగ్గర కూర్చున్నారట. అక్క వడ్డిస్తోంది. మేడమీదావిడ అందరూ వినేలా అంది: “పని తప్పించుకోవాలంటే అందరికీ తలనొప్పి వస్తుంది. మా చెల్లికి మాత్రం చోటు మారింది.” అని చూపులతో ఆ చోటు చూపించింది. అత్తగారు నవ్వింది. మేడమీదావిడ మొగుడూ నవ్వాడు. మగవాళ్ళంతా ఒక్కసారి అక్క గుండెల వైపు చూశారట. అక్క గిన్నె అక్కడే పెట్టి వంటగదిలోకి వెళ్ళిపోయింది. డాక్టరమ్మ ముందు కూడా సిగ్గుతో చచ్చిపోయిన మనిషి! మర్నాడు ఈ సంగతి వింటుంటే ఇస్త్రీ పెట్టె కింద నా బట్ట మాడిపోయింది. ఆవిడ నోరు పడిపోను అని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. అక్క మాత్రం తిట్టలేదు. దాని సమయం దానికి రావాలి అంది.

వచ్చింది. హోటల్లో యూనిఫాం మార్చారు. మేడమీదావిడ కొత్త కోటు బట్ట పట్టుకుని కిందికి దిగింది. ఒంటికి అతికినట్టు ఉండాలంది. అతికినట్టే కుడతానంది అక్క.

కోటు ముందు భాగం నిలబడటానికి లోపల బకరం వేస్తాం, అట్టలా గట్టిగా ఉండే బట్ట. అక్క ఎడమ చంక కింద కుట్టుని వేలి మందాన బిగించి, ఆ బకరం అంచుని లోపలికి తిప్పి, రొమ్ము పక్కన సరిగ్గా తనకి నొప్పి ఉన్నచోట ఒత్తేలా కుట్టింది. నేను నీళ్ళు చల్లి, పైకి ఏమీ కనిపించకుండా అద్దంలా ఇస్త్రీ చేశాను. లోపల మిగిలిన బట్ట కోసేయమన్నాను, మళ్ళీ వదులు చేయించుకునే దారి లేకుండా. అక్క ప్రతి కుట్టులోనూ రెండు వేళ్ళ మార్జిన్ వదులుతుంది.

“మార్జిన్ కోస్తే అది కుట్టు కాదే” అంది.

పగలోనూ ఈ పద్ధతేమిటి తల్లీ అని విసుక్కున్నాను.

కోటు వేసుకుని ఆవిడ అద్దం ముందునుంచి కదల్లేదు. అంత బాగుంది. రోజంతా అదే తొడుక్కుని నిలబడాలి. వారం తిరక్కముందే మెట్లు దిగుతుంటే చెయ్యి ఎడమపక్కకి పోవడం మొదలైంది. తర్వాత నవ్వు తగ్గింది. ఇంటికొచ్చి కోటు విప్పినా కమిలినచోట సలుపు పోయేది కాదనుకుంటాను. అక్కా నేనూ ఒకరినొకరు చూసుకునేవాళ్ళం. తనదాకా వస్తే గానీ తెలియదంటారు. అబద్ధమెందుకు, ఆ రోజుల్లో నాకు అన్నం ఎంతో రుచిగా ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆవిడ తిన్నగా కొట్టులోకి వచ్చి, ట్రయల్ గదిలో స్టూలు మీద కూలబడింది.

“చెల్లీ, నాకూ వచ్చింది. నీకొచ్చిన చోటే” అంది. “మా ఆయనకి కూడా చెప్పలేదు. ఎవరికి చెప్పను? నేను నవ్వినట్టే నవ్వుతారు.”

సరిగ్గా ఇదే కదా మేం కోరుకుంది. ఇంకో వారం ఏడవనీ అని అక్కకి కళ్ళతో సైగ చేశాను. అక్క నా వైపు చూడలేదు. ఆవిడ మొహంలోకే చాలాసేపు చూసింది. రోజూ పరదా వెనక అద్దంలో తను చూసుకున్న మొహం అదేనని నాతో తర్వాత అంది.

“కోటు విప్పు” అంది.

కుట్టు విప్పి, బకరం అంచు కత్తిరించి, ఆ ముక్క ఆవిడ ఒళ్ళో పడేసింది. మార్జిన్ లాగి మళ్ళీ మిషను మీద వేసింది.

“నేనే పెట్టాను. కావాలనే. నీ నొప్పి ఇంతే అక్కా, విప్పేశాను. నాది ఎవరు విప్పుతారు?” అంది అక్క.

మేడమీదావిడ ఆ ముక్కని చూసింది, అక్కని చూసింది. మొహం జేవురించింది. కోటు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. ఇంట్లో పెద్ద గొడవవుతుందని చూశాం గానీ, ఆవిడ ఎవరితోనూ అనలేదు. అక్కతోనూ మాట్లాడలేదు.

స్కాన్ రోజున అక్కా నేనూ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మేడమీదావిడ పనికి సెలవు పెట్టి వచ్చి అక్కకి రెండోపక్క కూర్చుంది.

“నా కోపం పోలేదు” అంది.

“నాదీ పోలేదు” అంది అక్క.

పిలుపు వచ్చింది. అక్క లేచి తన సంచి ఆవిడకిచ్చి లోపలికి వెళ్ళింది. నాకివ్వలేదు! ఇన్నాళ్ళు ఏడ్చింది నేనైతే సంచి ఆవిడకా? ఆవిడ మాత్రం దాన్ని రెండు చేతులతో పట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

చెడ్డదేమీ లేదన్నారు. సూది పరీక్ష అక్కర్లేదు. కొందరికి కారణం తెలియకుండానే నొప్పి వస్తుంది, పోతుంది, ఏదైనా మార్పు కనిపిస్తే మాత్రం వెంటనే రమ్మన్నారు. మేడమీదావిడ అక్క చెయ్యి పట్టుకుని భోరుమంది. అక్క చెయ్యి లాక్కోలేదు. ఆ ఏడుపు ఆగేదాకా ఉండి, మెల్లగా అంది:

“నువ్వు భయపడ్డ సంగతి కూడా అన్నంబల్ల దగ్గర చెప్పు. అందరూ ఉన్నప్పుడు.”

ఆ రాత్రే ఆవిడ చెప్పిందట. కోటు సంగతి, తన భయం సంగతి, ఎవరికీ చెప్పుకోలేక కొట్టులో ఏడ్చిన సంగతి, అన్నీ. అత్తగారు నీళ్ళ గ్లాసు అందుకుందట. మగవాళ్ళు కంచాల్లోంచి తల ఎత్తలేదట. అక్క మాత్రం కూర్చుని, అడిగి పెట్టించుకుని, కడుపునిండా తిందట.