ఇరవైనాలుగు అంగుళాల బావ

మా బావ బ్రహ్మయ్య పొట్టివాడని నేను అనను. బావమరిదిని కాబట్టి అనే హక్కు నాకుంది, అయినా అనను. జగ్గయ్యపేట మిరపకాయల కొట్లలో ఆయన కాటా గుమాస్తా. బస్తాల మధ్య నిలబడి తూకం వేయిస్తుంటే రోడ్డు మీదికి తలపాగా ఒక్కటే కనిపించేది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పినా పాపం చుట్టుకుంటుంది.

మా అక్క సీతారావమ్మ సంగతి వేరు. మా ఇంట్లో అటక మీది కుండ దించాలంటే నిచ్చెన కోసం ఎవరూ వెతికేవారు కాదు, అక్కని పిలిచేవారు. పెళ్ళిచూపుల్లో ఇద్దర్నీ చాప మీద కూర్చోబెట్టే మాట్లాడించారు, పక్కపక్కన నిలబెట్టాలని పెద్దమనుషులెవరికీ తోచలేదు. పీటల మీద కూర్చున్నంతసేపూ జంట చూడముచ్చటగానే ఉంది. అరుంధతీ నక్షత్రం చూడ్డానికి లేచి బయటికి నడిచారు చూడండి, అప్పుడు పందిట్లో ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అక్క పట్టించుకోలేదు. "మనిషి మంచోడు, చాల్లేరా చిన్నబాబూ," అంది నాతో. పట్టించుకున్నది బావే. ఆ రోజు నుంచీ ఆమెతో వీధిలోకి వస్తే నాలుగడుగులు ముందు నడిచేవాడు. పక్కన మాత్రం నడిచేవాడు కాదు.

డెబ్భై ఆరులో అనుకుంటా, సైకిలు కొన్నాడు. నా టీ కొట్టుకి ఆనుకునే ఇమాం సైకిలు షాపు ఉండేది, కాబట్టి ఆ ముచ్చట నా కళ్ళ ముందే జరిగింది. ఇమాం ముందుగా ఇరవైరెండు అంగుళాల బండి బయటికి తీశాడు.

"ఇది మీకు కరెక్టుగా సరిపోద్దండీ బ్రహ్మయ్యగారూ. కూర్చుంటే కాలు నేల కానుద్ది."

"పిల్లకాయలు తొక్కేది నాకెందుకయ్యా? ఆ ఇరవైనాలుగు దించు."

"అది ఆరడుగులోళ్ళకండీ."

"నేనెంతున్నానని నిన్నడిగానా?" అన్నాడు బావ.

ఇమాం నా వంక చూశాడు. నేను టీ గ్లాసుల వంక చూశాను. బావ ఇరవైనాలుగు కొనడమే కాదు, సీటు ఇంకో రెండు వేళ్ళు పైకి లేపించాడు కూడా. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్నారా? అందులో ఇది ఏ బుద్ధో నాకు ఆ సాయంత్రం తెలిసింది. అక్కని ఇంటి ముందు నిలబెట్టి, ఆమె పక్కనుంచి మెల్లగా సైకిలు పోనిచ్చాడు. సీటు మీద ఆయన తల ఆమె తలకంటే జానెడు పైన ఉంది! ఆ మొహం చూసి తీరాలి. పెళ్ళిలో కూడా అంత వెలగలేదు.

వెలుగు సరే, తొక్కడమో? పెడలు కిందికి పోతే కాలు అందదు. కుడి పక్కకి ఒరిగి ఒక తొక్కు, ఎడమ పక్కకి ఒరిగి ఒక తొక్కు. వెనకనుంచి చూస్తే మజ్జిగ చిలుకుతున్నట్టు ఉండేది. ఎక్కాలంటే అరుగు కావాలి, దిగాలంటే అరుగు కావాలి. అరుగు లేని ఇంటికి చుట్టపుచూపుగా కూడా వెళ్ళడం మానేశాడు. ఒకసారి నందిగామ నుంచి పెళ్ళి పిలుపు తెచ్చిన పెద్దమనిషిని, "ఇంటి ముందు ఎత్తుగా ఏమన్నా ఉంటదాండీ?" అని అడిగాడు. ఆయన పందిరి గురించి అనుకుని, "ఉంటదండీ, బ్రహ్మాండంగా వేయిస్తున్నాం," అన్నాడు పాపం.

సాయంత్రానికి నడుం పట్టేసేది. అక్క వేడి నీళ్ళ గుడ్డతో కాపడం పెడుతూ, "సీటు కాస్త దించుకోరాదూ?" అనేది. "సీటుదేముందే, బస్తాలు ఎత్తాను గదా," అనేవాడు. బావ జన్మలో బస్తా ఎత్తలేదు, తూకం వేయించడమే.

ఇలా ఉండగా అక్కకి ఉద్యోగం వచ్చింది. వత్సవాయి వైపు పోయే రోడ్డు దిగి లోపలికి వెళ్తే ఒక పల్లె ఉంది. అక్కడ చిన్నపిల్లలకి బాలవాడి పెట్టారు. అక్క ఎనిమిదో తరగతి చదివింది, పాటలు బాగా పాడుతుంది, తీసుకున్నారు. మొదటి రోజు పోయి వచ్చి నా కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని, "చిన్నబాబూ, ఆ పిల్లలు నన్ను టీచరమ్మా అన్నార్రా," అంది. ఆ మాట చెప్పడానికే ఇంటికి కూడా పోకుండా వచ్చింది. చదువు ఆపించి పొలం పంపినప్పుడు మా అక్క ఎంత ఏడ్చిందో నాకు తెలుసు.

చిక్కల్లా దారిలోనే. బస్సు ఆ వేళకి లేదు, నడిస్తే పొద్దెక్కిపోతుంది. "నేనుండగా బస్సెందుకే? క్యారేజీ మీద దింపుతా," అన్నాడు బావ. వెనక మనిషి కూర్చుంటే వెనకనుంచి కాలు తిప్పి ఎక్కడం కుదరదు గదా! అందుకని బావ ముందు మైలురాయి మీద నిలబడి బండెక్కాలి, అక్క వెనక కూర్చోవాలి, ఆయన రాయిని తన్ని బయలుదేరాలి. మధ్యలో ఆగితే మళ్ళీ ఏదో ఒక రాయి దాకా నడవాలి. ఆ రోడ్డు మీద రాళ్ళన్నీ బావకి చుట్టాలే. "గుండ్రాయి దాటాం, ఇక కల్వర్టు దాకా భయం లేదు," అనేవాడట. గేదెలకి ఆ లెక్క ఎవరు చెప్పాలి?

ఒకరోజు సరిగ్గా గుండ్రాయికీ కల్వర్టుకీ మధ్య మంద అడ్డం వచ్చింది. "దూకవే!" అని అరిచాడు బావ. అక్కకి దూకే పనేముంది? కాళ్ళు కింద పెట్టి నిలబడింది. కిందనుంచి సైకిలు జారిపోయి, బావతో సహా జిల్లేడు పొదలోకి వెళ్ళింది. ఆయన్ని లేపి, జిల్లేడు పాలు అంటిన చొక్కా తుడిచి, గుండ్రాయి దాకా వెనక్కి నడిచి ఎక్కేసరికి పొద్దు బారెడెక్కింది. బాలవాడిలో కుర్చీ మీద సూపర్వైజరు ప్రమీలారాణిగారు కూర్చుని ఉన్నారు. నందిగామ నుంచి జీపులో వచ్చారు. పిల్లలు బయట మట్టిలో ఆడుకుంటున్నారు.

"ఇదివరకు కూడా ఆలస్యమని ఊళ్ళోవాళ్ళు చెప్పారమ్మా," అన్నారావిడ. "సోమవారం మళ్ళీ వస్తా. అప్పుడు కూడా ఇంతే అయితే ఈ ఊరి కోడల్ని ఎవర్నన్నా వేసుకుంటాం. ఏమీ అనుకోవద్దు."

అక్క నాకిదంతా చెప్పి ఊరుకుంది. నేను ఊరుకోలేదు. బావని ఇమాం షాపులోకి ఈడ్చుకొచ్చాను. ఇమాం సీటుని కడ్డీకి ఆనేదాకా దించాడు. ఇంకా కాలు అందలేదు. "పెడల్సుకి చెక్కలు బిగిద్దామండీ, నలుగురూ బిగించుకునేదే," అన్నాడు. బావ అటు చూసి ఇటు చూసి, అక్క కోసం సరేనన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ పూట ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

అది మర్నాడు మధ్యాహ్నం దాకానే. కొట్ల దగ్గర హమాలీ ఒకడు, "బ్రహ్మయ్యగారి సైకిలు పావుకోళ్ళు తొడుక్కుందిరోయ్!" అని కేకేశాడు. అందరూ నవ్వారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, రోజూ జిల్లేడు పొదలో పడ్డా రానంత కోపం ఆ నవ్వుకి వచ్చింది బావకి. బస్తాల కొక్కెంతో అక్కడికక్కడే చెక్కలు ఊడబెరికాడు. సీటు కూడా మళ్ళీ లేపించుకున్నాడు.

ఆ ఆదివారం సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. అక్క బియ్యం ఏరుతోంది. బావ అరుగు మీద దూరంగా చూస్తూ కూర్చున్నాడు.

"రేపట్నించి నేను పోనులే," అంది అక్క, చేట మీదనుంచి తల ఎత్తకుండా. "పిల్లలు అడిగితే జొరమని చెప్పమని ఆ ఊరోళ్ళతో అన్నా."

ఆ గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు పోవు? నీకు సైకిలొచ్చుగా!" అని అరిచాను.

బావ చటుక్కున మా వైపు తిరిగాడు. మా ఊళ్ళో నాన్న సైకిలు మీద అక్క నేర్చుకుంది. వెనక పట్టుకుని పరిగెత్తింది నేనే. పెళ్ళిచూపులకి ముందు మా అమ్మ, "ఆడపిల్లకి సైకిలొచ్చంటే బరితెగించిందనుకుంటారు, నోరెత్తితే చంపుతా," అంది. నోరెత్తలేదు, ఇదిగో ఇప్పటిదాకా.

"నిజమా?" అన్నాడు బావ.

"వచ్చు," అంది అక్క.

"మరి ఇన్నాళ్ళూ నా వెనక కూర్చుని పడతా లేస్తా ఎందుకొచ్చావే?"

అక్క చేట కింద పెట్టింది. "ఆ సైకిలెక్కితే నీ మొహం ఎట్టా ఉంటదో నీకు తెలవదు, నాకు తెలుసు. నేనెక్కితే అది పోద్ది. నాకిష్టం లేదు."

బావ లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నేను కూడా తిట్టుకుంటూ వచ్చేశాను. ఎవర్ని తిట్టుకున్నానో నాకే తెలియదు.

సోమవారం నేను పాలు కాస్తుంటే బావ సైకిలు నడిపించుకుంటూ ఇమాం షాపు ముందుకి వచ్చాడు. వెనక అక్క. నాట్లకి కట్టినట్టు చీర గోచీ పోసి కట్టింది.

"ఇమాం, సీటు ఎత్తు చూడు," అన్నాడు బావ.

"మళ్ళీ దించాలాండీ?"

"నాక్కాదయ్యా. ఆమెకి చూడు."

ఇమాం దూరంగా నిలబడి, "అమ్మా, సీటు చంకలో ఆనించుకుని చెయ్యి చాపండి. వేలి కొసలు పెడల్ ఇరుసుకి తగలాలి," అని చెప్పాడు. బావ సైకిలు కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. అక్క చెయ్యి ఇరుసు దాటి కిందికి పోయింది. ఇమాం పానా వేసి సీటు లేపాడు. చాల్లేదు, ఇంకా లేపాడు. ముక్కు పైకి లేచిన సీటుని నేలకి సమంగా దించాడు, హ్యాండిల్ కొంచెం పైకి జరిపాడు. నా కొట్టు దగ్గర టీ తాగేవాళ్ళంతా గ్లాసులతో సహా అక్కడికి చేరారు.

వాళ్ళలో ఉన్న మా ఊరి బసవయ్య బాబాయి ఉండబట్టలేక, "గోచీ కట్టి ఆడమనిషి సైకిలెక్కుద్దంట్రా? ఏం కాలం!" అన్నాడు.

"మీ చేలో నాట్లకి కట్టింది ఇదే గోచీ గదా బాబాయ్," అంది అక్క. "అప్పుడు గట్టు మీద నిలబడి త్వరగా కానీయమన్నారే!"

బాబాయి టీ గ్లాసులోకి మొహం దించేశాడు.

పిన్ను బిగించబోతూ ఇమాం ఆగాడు. "ఇంత ఎత్తు పెడితే మీరిక ఎక్కలేరండీ బ్రహ్మయ్యగారూ."

"తెలుసు. బిగించు."

"సాయంత్రం మీకు మళ్ళీ దించమంటే..."

"బిగించవయ్యా గట్టిగా! దారిలో జారితే ఆమె పడుద్ది."

ఇమాం బిగించాడు. అక్క కడ్డీ మీదుగా కాలు వేసి, రాయి లేకుండా, అరుగు లేకుండా, రోడ్డు మధ్యలో రెండు కాళ్ళ మీద నిలబడింది. బావ రెండడుగులు వెనక్కి జరిగి తలపాగా సర్దుకున్నాడు. అక్క కదల్లేదు.

"ఎక్కు," అంది.

"నేనెందుకే? నలుగురూ చూస్తన్నారు."

"మొదటి రోజు. నాకు భయంగా ఉంది. ఎక్కు."

భయమా, మా అక్కకా! అబద్ధమాడినా అతికినట్టుండాలి. కానీ బావ నమ్మాడు. లేక నమ్మినట్టు నటించాడో. వెళ్ళి క్యారేజీ మీద కూర్చున్నాడు, కాళ్ళు గాల్లో వేలాడేసి, సీటు స్ప్రింగులు రెండు చేతులా పట్టుకుని. ఎవరో ఈల వేశారు. ఇమాం వాణ్ణి పానాతో బెదిరించాడు. నేను పొయ్యి మీది పాలు అలాగే వదిలేసి నా సైకిలెక్కి వెనకే బయలుదేరాను, పడితే లేపడానికి.

పడలేదు. గుండ్రాయి దాటింది, కల్వర్టు దాటింది. గేదెలు అడ్డం వస్తే కాలు కింద పెట్టి నిలబడింది, అవి పోయాక తొక్కింది. సైకిలు తిన్నగా గీత గీసినట్టు పోతుంటే నేను రొప్పుకుంటూ వెనకబడ్డాను.

మేము చేరేసరికి పల్లెలో ఇంకా కొందరు పళ్ళు తోముకుంటున్నారు. అక్క గోచీ విప్పి చీర సర్దుకుని, పిల్లల్ని లోపలికి పిలిచి పాట మొదలుపెట్టింది. బావ గుమ్మం బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. సీటు ఆయన గుండెల దాకా ఉంది. కాసేపటికి జీపు వచ్చి ఆగింది. ప్రమీలారాణిగారు దిగి లోపలి పాట విన్నారు, టైము చూసుకున్నారు, ఆ తర్వాత బావనీ సైకిలునీ మార్చి మార్చి చూశారు.

"ఎవరండీ మీరు?"

మా బావ తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఈ టీచరమ్మగారి మొగుణ్ణండీ," అన్నాడు. "ఆమె వెనక కూర్చుని వచ్చానండీ."

లోపల పాట ఆగిపోయింది. "ఎందుకేడుస్తున్నావ్ టీచరమ్మా?" అని పిల్లలు అడగడం మాకు బయటికి వినిపించింది.