ముత్యానికి షుగర్ నయం చేసిన వైనం

నేనొక పిల్లికి షుగర్ జబ్బు పూర్తిగా నయం చేశాను. అదీ ఒక్క పూటలో, మందు చుక్క లేకుండా. నమ్మకం కుదరకపోతే గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనుకొచ్చి ఎవరినైనా అడగండి. కాకపోతే వాళ్లు నవ్వడం ఆపేదాకా కాస్త ఓపిక పట్టాలి. ఆ వైద్యం ఎంత ఘోరంగా ముగిసేదో తలచుకుంటే నాకిప్పటికీ గుండె గుభేలుమంటుంది.

ముందు నా గొప్ప చెప్పుకోవాలి, లేకపోతే నా పతనం మీకు రుచించదు. గని దగ్గర కన్వేయర్ బెల్టు మీద బొగ్గు పరుగెత్తుతుంటే అందులో కలిసిపోయిన రాళ్లను ఏరడం నా ఉద్యోగం. నల్ల బొగ్గులో నల్ల రాయి, మామూలు కళ్లకు ఆనదు. నా కళ్లకు ఆనుతుంది. కొన్నేళ్ల కిందట ఈ కళ్ల గురించి నాకున్న గర్వం మా ఇంట్లో పట్టక వాకిట్లో కూడా కాళ్లు చాపుకుని కూర్చునేది.

మా ముత్యం తెల్లటి మగపిల్లి. ఆ ఏడు వేసవిలో గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. తిన్నది ఒంటికి పట్టలేదు. ఒకరోజు లేవలేక నేల మీదే ఒరిగిపోయాడు. కరీంనగర్‌లో ఒక పశువుల డాక్టరు సెలైన్లు ఎక్కించి వాణ్ణి బతికించాడు. ఇంటికి పంపుతూ నాకు గట్టిగా చెప్పాడు.

"చూడండి, జబ్బు పోలేదండి, అదుపులోకి వచ్చిందంతే. పొద్దున, సాయంత్రం ఇన్సులిన్ తప్పకూడదు. తప్పితే మళ్లీ ప్రాణం మీదకొస్తుంది. ముందు చెవి అంచున సూదితో గుచ్చి షుగర్ చూడండి. మామూలుగా ఉంటే ఇంజెక్షన్ ఇవ్వకుండా నాకు ఫోన్ చేయండి. బాగా నీరసంగా ఉన్నాడు, స్నానం మాత్రం చేయించకండి."

నేను భక్తితో పాటించాను. డ్యూటీ నుంచి రాగానే చేతులు తోముకుని ముత్యం ముందు కూర్చునేవాణ్ణి. మా ఆవిడ పద్మకు ఒళ్లు మండేది.

"నాకు జరమొస్తె గోలి ఏస్కొని పండుకో అంటివి. వానికి మాత్రం బువ్వ వేలుతోని నోట్లె పెడుతున్నవ్!"

"నీకు ఆకలైతె అడుగుతవు. వాడు అడుగుతడా?"

ఒకరోజు ఫస్ట్ షిఫ్టు నుంచి వచ్చి పెరటి తలుపు తీశానో లేదో, ముత్యం నా కాళ్ల మధ్య నుంచి తుర్రుమన్నాడు. సాయంత్రం ఇంజెక్షన్ వేళ దగ్గరపడుతోంది. లైనంతా వెతికాను. పక్క క్వార్టర్ రాజవ్వకు ఇంట్లో గ్యాసున్నా స్నానం నీళ్లు మాత్రం బొగ్గుల పొయ్యి మీదే కాగాలి. ఆమె పెరట్లో బొగ్గు కుప్ప ఉంది. అందులో రెండు కళ్లు మెరిశాయి. తువ్వాలు వేసి పట్టేశాను.

"దొరికిండు!" అంటూ ఇంట్లోకి వచ్చాను.

పద్మ ఎగాదిగా చూసింది. "గింత నల్లగున్నడేందయ్యా?"

"బొగ్గుల పొర్లితె మల్లెపువ్వు లెక్క ఉంటడా?"

"తడిగుడ్డతోనన్న తుడువరాదు?"

"నీళ్లు తాకియ్యద్దన్నడు సారు!"

"మరి సెలైన్ వెట్టెటప్పుడు కాలు మీద బొచ్చు గొరిగిండ్రు గదా. గదెట్ల మొలిచింది గింతల్నే?"

"మసి పట్టి గట్ల కనవడుతున్నది."

"గీ కడుపేంది?"

"తిండి ఒంటికి పడుతున్నది. బెల్టు మీద నల్ల రాయిని పట్టెటోన్ని, నా పిల్లిని నేను పట్టనా?"

నేను చెవి గుచ్చి షుగర్ చూశాను. మామూలుగా ఉంది! ఇంజెక్షన్ పక్కన పెట్టి డాక్టరుకు ఫోన్ చేశాను.

"ఇవ్వకండి. కొన్ని పిల్లుల్లో షుగర్ దానంతటదే తగ్గిపోవడం కద్దు. రేపు పొద్దున మళ్లీ చూసి చెప్పండి" అన్నాడాయన.

ఆయన 'కొన్ని పిల్లుల్లో' అన్నది నా చెవిలో 'మీ పిల్లిలో' అని దూరింది. కోవాబిళ్లలు తెచ్చి లైనంతా పంచాను. "ముత్యానికి షుగర్ పోయింది! ఇంట్లనే కడుపు నిండ తిని పండుకున్నడు!" అని గడప గడపకూ చాటాను. మర్నాడు పొద్దున చూస్తే షుగర్ మళ్లీ మామూలే. నా ఛాతీ ఉప్పొంగింది. అంతలో లోపలి నుంచి పద్మ కేక.

"ఓ అయ్యా! జల్ది రా! నీ ముత్యం ఈనింది!"

బీరువా పక్కన నా యూనిఫాం మీద, మా మగపిల్లి ముగ్గురు పిల్లలకు పాలిస్తోంది.

నవ్వండి, పరవాలేదు. నాకు మాత్రం ఆ క్షణంలో నవ్వు రాలేదు. ఇంట్లో ఉన్నది ఎవరిదో నల్ల పిల్లి. మరి నా ముత్యం? రెండు పూటల ఇన్సులిన్ తప్పిపోయింది. ఎక్కడ పడి ఉన్నాడో, ఉన్నాడో లేడో. "ముత్యం!" అని అరుస్తూ వీధిన పడ్డాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఏడ్చాను.

రాజవ్వ తలుపు తీసింది. "ఏమైంది బిడ్డా?"

"అవ్వా, మా ముత్యం కనవడ్డడా? తెల్లగుంటడు!"

"తెల్ల పిల్లా? నిన్నటి సంది నా మంచం కిందనే పండుకున్నది. ఏం పెట్టినా ముట్టలె. నువ్విచ్చిన కోవాబిళ్ల మాత్రం జరంత నాకింది."

"మరి చెప్పకపోతివి అవ్వా!"

"అచ్చం మీ ముత్యమే అనుకున్న కొడుకా. ఎత్తుకొని మీ ఇంటికి బయలెల్లిన గూడ. గప్పుడే నువ్వచ్చి, ముత్యం ఇంట్లనే పండుకున్నడని కోవా చేతుల పెడితివి. ఇంటోనివి నువ్వే చెప్పినంక నేనేమంట?"

మంచం కింద ముత్యం తల కూడా ఎత్తలేదు. షుగర్ కొలతకు అందనంత ఎక్కి, మిషన్ అంకె చూపించడం మానేసి చేతులెత్తేసింది. పద్మ వాణ్ణి కొంగులో చుట్టుకుని బండెక్కింది. మళ్లీ సెలైను, మళ్లీ ఇన్సులిన్. సాయంత్రానికి వాడు కళ్లు తెరిచి, నా వేలు వాసన చూసి, కసిగా కొరికాడు. ఆ కాటుకు నేను పొందిన ఆనందం చెప్పనలవి కాదు.

బాలింతను, పిల్లలను వెళ్లగొట్టే ధైర్యం నాకు లేకపోయింది, వాళ్లూ మాతోనే ఉన్నారు. బెల్టు దగ్గర మాత్రం నేను రాయి ఏరితే చాలు, పక్కవాడు "అన్నా, మగదా ఆడదా చూస్కున్నవా?" అంటాడు.

అందుకే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, అందరి వంక చూస్తూ, ఒళ్లో పడుకున్న పిల్లి తల మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. "ముత్యం మీద ఒట్టు. డాక్టరు సారు తన నోటితోని చెప్పేదాక ఎవ్వనికీ నయమైందని నేను అనను. కోవాబిళ్ల పంచను!"

పద్మ నా ఒళ్లోకి తొంగి చూసింది. "ఒట్టు మంచిగనే ఉన్నది గని, ముత్యం మంచం మీదున్నడు. నువ్వు చెయ్యి వెట్టింది బాలింత మీద."