మేరీ కష్టం పిల్లల కళ్లకు చూపించిన దేవుడు

సహోదరులారా, మా మేరీ దగ్గర నుంచి ఫోన్ రావడం తగ్గిపోయిన ఆ పత్తి తీతల కాలం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది, అందుకే నా సాక్ష్యం అక్కడి నుంచే మొదలుపెడతాను. నా పేరు సువార్తమ్మ. మాది ఒంగోలుకు దగ్గర్లోని పల్లె, పత్తి తీయడం, మిరపకాయలు కోయడం, అదే నా బతుకు. మేరీ నాకు ఒక్కగానొక్క కూతురు. అల్లుడు కామెర్లతో చనిపోయాక, ఇద్దరు పిల్లల్నీ నాకు అప్పగించి, కువైట్‌లో ఒకరింట్లో వంటపనికి వెళ్లింది. పెద్దవాడు సాల్మన్ అప్పుడు తొమ్మిదో తరగతి, చిన్నది దీవెన ఆరు. ఇద్దరూ బస్సెక్కి ఒంగోలులో ప్రైవేటు బడికి వెళ్లేవారు.

మేరీ నెలనెలా తప్పకుండా డబ్బు పంపేది, ఊరికి వచ్చేవాళ్లు ఎవరు దొరికినా ఒక అట్టపెట్టె కూడా పంపేది, అందులో చాక్లెట్లు, సెంట్లు, బట్టలు, బూట్లు. పెట్టె వచ్చిందంటే ఇంట్లో పండుగే. కానీ సహోదరులారా, పెట్టెలు వచ్చేకొద్దీ పిల్లల ముఖాల్లో సంతోషం నిలిచే సమయం తగ్గిపోతూ వచ్చింది. నేను సంతలో కొన్న బూట్లు చూసి సాల్మన్ "ఇవి వేసుకుంటే క్లాసులో నవ్వుతారు అమ్మమ్మా" అని మూలకు తోసేశాడు. పుట్టినరోజుకు క్లాసులో చాక్లెట్లు పంచితే చాలదని, తన ఫొటో ఉన్న కేకు కావాలని దీవెన అన్నం మానేసింది. తల్లి ఫోన్ చేస్తే ఇద్దరూ పోటీపడి తీసుకునేవారు, తీసుకుని అడిగేది మాత్రం ఈసారి ఏం పంపుతున్నావనే.

ఒకరోజు పిల్లలు బడికి వెళ్లాక మేరీతో అన్నాను.

"అమ్మా మేరీ, పిల్లలు ఏదడిగితే అది పంపుతున్నావు. అది ఎట్లా వస్తుందో కూడా ఒక మాట చెప్పు వాళ్లకి."

"ఎందుకమ్మా? నేనెలాగూ దగ్గర లేను. అడిగినవన్నా ఇవ్వనివ్వు."

"ఇవ్వొద్దని కాదే. డబ్బు ఫోన్లో నుంచి రాలుతుందనుకుంటున్నారు వాళ్లు."

"నేనిక్కడ గిన్నెలు తోముతున్నానని తెలిస్తే చిన్నబుచ్చుకుంటారమ్మా. హాయిగా చదువుకోనీ."

తల్లి మనసు అది. నేను ఆ సంగతి ప్రార్థనలో పెట్టాను.

ఆ ఏడు సాల్మన్ క్రిస్మస్‌కి ఖరీదైన ఫోన్ ఒకటి కావాలని పట్టుబట్టాడు. స్నేహితుల దగ్గర అదే ఉందట. మేరీ సరేనంది. ఆ తర్వాత నుంచి ఆమె ఫోన్లు తగ్గిపోయాయి. చేసినా వీడియోలో కనిపించేది కాదు, కెమెరా పాడైందనేది, రెండు మాటలు మాట్లాడి పెట్టేసేది. గొంతులో నీరసం నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత ఆ రెండు మాటలు కూడా ఆగిపోయాయి. చేలో పత్తి తీస్తూ తీస్తూ నిలబడిపోయేదాన్ని, పక్క సాలులో ఉన్నవాళ్లు పిలిచినా వినిపించేది కాదు. "ప్రభువా, నా బిడ్డ ఎక్కడుందో నీకు తెలుసు, నాకు తెలియకపోయినా నీకు తెలుసు" అని అదొక్కటే నా ప్రార్థన.

అలాంటి సమయంలో దేవుడు కరుణను పంపాడు. కరుణది మా పక్క పల్లె, తను కూడా కువైట్‌లోనే పనిచేస్తుంది, మేరీకి బాగా దగ్గర. సెలవు మీద వచ్చి, మేరీ ఇచ్చిన పెట్టె పట్టుకుని ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. పిల్లలకు బడి లేదు ఆరోజు. సాల్మన్ గబగబా టేపు చింపి పెట్టె తెరిచాడు, అందులో వాడు అడిగిన ఫోనే ఉంది.

"బాగుందా నాన్నా?" అని అడిగింది కరుణ.

"సూపర్ ఆంటీ. అమ్మకి చెప్పండి, కవరు మాత్రం నల్లది కావాలి, ఇది కాదు."

 కరుణ నా వైపు తిరిగింది.

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది పిన్నీ. కానీ ఇది దాచడం నా వల్ల కాదు."

శుక్రవారాలు మేరీకి సెలవట. ఈ ఫోన్ కోసం ఆ సెలవు రోజున కూడా ఇంకొక ఇంట్లో వంటకు ఒప్పుకుందట. అక్కడ విందు కోసం వేపుళ్లు చేస్తుంటే కాగుతున్న నూనె కుడిచేతి మీద పడిందట, మోచేయి వరకు కాలిపోయిందట. ఎడమ చేత్తోనే అన్నం తింటోందట. వేళ్లు మునుపటిలా వంగుతాయో లేదో డాక్టర్లు చెప్పలేదట. మాట్లాడితే బయటపడిపోతుందని ఫోన్ చేయడమే మానేసిందట.

"కెమెరా పాడైందని చెప్పింది కదా ఆంటీ" అన్నాడు సాల్మన్, వాడి గొంతు వాడికే వినపడనంత చిన్నగా.

"కెమెరా కాదురా, చెయ్యి."

వాడు ఫోన్‌ను మళ్లీ పెట్టెలో పెట్టాడు. దీవెన నా చీర కొంగు పట్టుకుని ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు సహోదరులారా, నా బిడ్డ బతికి ఉందని తెలిసిన మేలు ముందు నాకు ఏడుపు రాలేదు. ముగ్గురం అక్కడే నేల మీద మోకరించాం. "ప్రభువా, మా అమ్మ చెయ్యి బాగుచెయ్యి, నేను ఇంక ఏదీ అడగను" అని సాల్మన్ ప్రార్థించాడు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చెప్పినా పైకి ప్రార్థన చేయని పిల్లవాడు! కరుణ కూడా మాతో పాటు మోకరించింది. ఆ ఆదివారం పాస్టరు గారితో చెప్పాను, సంఘమంతా మేరీ చేతి కోసం ప్రార్థన చేసింది, ఇక్కడున్న మీలో చాలామంది ఆ ప్రార్థనలో ఉన్నారు.

కరుణ తన ఫోన్ నుంచి మేరీ పనిచేసే ఇంటావిడ ఫోన్‌కి చేస్తే చివరికి మేరీ దొరికింది. సాల్మన్ ఫోన్ అందుకున్నాడు.

"అమ్మా, వీడియో పెట్టు. చెయ్యి చూపించు."

"ఏం లేదు నాన్నా, తగ్గిపోయింది."

"చూపించమ్మా."

చూపించింది. కట్టు కట్టిన చెయ్యి.  అప్పుడు వాడు అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"ఎప్పుడూ నాకేం కావాలో చెప్పాను గానీ, నీకేం కావాలమ్మా?"

మేరీ తల వంచుకుంది. "నాకు ఇంటికి రావాలనుందిరా" అంది.

ఆ మాటతోనే దేవుడు మా ఇంటికి దారి చూపించాడని నేను నమ్ముతున్నాను. పిల్లలకు డబ్బు గురించి ఎలా నేర్పాలో చదువుకోని నాకేం తెలుసు? కానీ ఇప్పుడు వాళ్లే అడగడం మొదలుపెట్టారు, అమ్మ రావాలంటే ఏం చేయాలి అమ్మమ్మా అని. వస్తే ఇక్కడ తనకొక జీవనాధారం ఉండాలి, రెండు పాడిగేదెలు, ఒక కొట్టం ఉంటే చాలునని లెక్క వేసుకున్నాం. మేరీ డబ్బు పంపిన ప్రతి నెలా మొదటి ఆదివారం, ఆరాధన అయి భోజనాలు చేశాక ముగ్గురం చాప మీద కూర్చునేవాళ్లం. వచ్చిందెంతో దాచకుండా చెప్పేదాన్ని. ముందు దేవుని భాగం తీసి దీవెన చేతికిచ్చేదాన్ని, తర్వాత ఇంటి ఖర్చు, బడి ఫీజు, మిగిలింది పోస్టాఫీసులో మేరీ పేరున వేసేవాళ్లం. ఒక్క కట్టుబాటు పెట్టాను: ఎవరికి ఏ వస్తువు కావాలన్నా ఈ ఆదివారం చెప్పాలి, వచ్చే నెల ఆదివారం దాకా ఆగాలి. అప్పటికీ కావాలంటే మాట్లాడుకుందాం. ఒకసారి దీవెన మెరుపుల బ్యాగు కావాలంది. నెల తిరిగాక అడిగితే "ఏ బ్యాగు అమ్మమ్మా?" అని నన్నే అడిగింది.

మిరప కోతలు మొదలయ్యాక సాల్మన్ సెలవు రోజుల్లో నాతో చేలోకి వస్తానన్నాడు. వద్దనలేదు నేను. మొదటిరోజు సాయంత్రానికి వాడి చేతులు మంటెత్తిపోయాయి, తెలియక కళ్లు నలుపుకుని లబోదిబోమన్నాడు, కొబ్బరినూనె రాసి కూర్చోబెట్టాను. రైతు చేతిలో పెట్టిన కూలి డబ్బు తెచ్చి నా ముందు పెట్టి, "ఇంతేనా అమ్మమ్మా?" అన్నాడు.

"ఇంతేరా. మీ అమ్మను పెంచింది ఈ ఇంతే."

అలాగని వాడు ఒక్కరోజులో మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. వేసవిలో నాకు చెప్పకుండా ఫోన్లో ఖరీదైన బూట్లు తెప్పించుకున్నాడు. పార్సిల్ అబ్బాయి గుమ్మం ముందుకు వచ్చి డబ్బు ఇమ్మన్నాడు. నాకు కోపం వచ్చిన మాట నిజం, కానీ ఆ క్షణంలో నోరు జారకుండా దేవుడే ఆపాడు. "సాల్మన్, నీ కూలి డబ్బు నీ దగ్గరే ఉందిగా, తీసుకోవాలనుంటే తీసుకో" అని మాత్రం అన్నాను. వాడు లోపలికి వెళ్లి డబ్బు తెచ్చాడు, చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, ఎండలో నిలబడ్డ పార్సిల్ అబ్బాయి "త్వరగా చెప్పు తమ్ముడూ" అన్నాడు. "వద్దన్నా, తీసుకెళ్లిపోండి" అన్నాడు సాల్మన్. తర్వాత ఆ అబ్బాయికి చల్లటి నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆరోజు నేను వంటింట్లోకి వెళ్లి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

సహోదరులారా, మేరీ చెయ్యి బాగుపడింది. అక్కడి ఇంటావిడ దగ్గరుండి పెద్ద ఆసుపత్రిలో చూపించింది, ఆమె మనది కాని దేశంలో దేవుడు లేపిన మనిషి. మచ్చలున్నాయి గానీ వేళ్లన్నీ వంగుతున్నాయి, గేదె పాలు పితికే బలం ఉంది వాటిలో. ఒప్పుకున్న కాలం పూర్తి చేసుకుని పోయిన ఏడు నా బిడ్డ ఇంటికి వచ్చేసింది. ఈసారి పెట్టెలేమీ తేలేదు, ఒక చేతిసంచీతో ఆటో దిగింది. పిల్లలిద్దరూ వీధి చివరి దాకా పరుగెత్తారు. రెండు గేదెల్ని కొన్నాం, కొట్టం మేరీ, సాల్మన్ కలిసి వేసుకున్నారు. మేము కలవారమైపోలేదు. నెల చివర్లో ఇప్పటికీ చూసి చూసి ఖర్చు పెట్టాలి. కానీ ఆ చాప మీద ఇప్పుడు నలుగురం కూర్చుంటున్నాం, దేవునికే మహిమ.

నన్ను కని పెంచిన నా తల్లిదండ్రులకు దొరకని మాట ఒకటి ఈ వయసులో నాకు దొరికింది, అది మీతో చెప్పి కూర్చుంటాను. మనం పడిన కష్టం పిల్లలు పడకూడదని అనుకుంటాం, అది ప్రేమే. కానీ మన కష్టం వాళ్లకు కనిపించకుండా దాచితే, మనల్ని ప్రేమించే అవకాశం కూడా వాళ్లకు లేకుండా పోతుంది. మీ పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకోండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, వాళ్లు మోయగలరు. ఈ మాట వింటున్న తల్లుల్లో బిడ్డ చేయి దాటిపోయిందని దిగులు పడేవాళ్లు ఎవరైనా ఉంటే, ప్రభువు మీద భారం వేసి ఆయన్ను నమ్మండి. నాలాంటి కూలి మనిషి మొర విన్న దేవుడు మీ మొర వినడా? అదిగో, ఆడవాళ్ల వరుసలో చివర కూర్చుంది మా మేరీ. ఆరాధన అయ్యాక వెళ్లి ఒకసారి చేయి కలపండి.