పర్ర మీద దిగని విమానం

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాత రాకపోవడం. యాభై దాటాక మా ఊళ్ళో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే బడి పెడితే, మనవరాలి పలక పట్టుకుని వెళ్ళి కూర్చున్నాను. రాయడం వచ్చాక కూడా మా మామ బతికి ఉన్నంతకాలం దీన్ని రాయబుద్ధి కాలేదు. ఊరి పెద్దగా ఆయన ఒక మనిషిని నమ్మాడు. నేను నమ్మలేదు. ఎవరైనా చదివి వినిపిస్తే ఆయన మనసు నొచ్చుకునేది.

మాది సముద్రం ఒడ్డున చేపలు పట్టుకుని బతికే పల్లె. సంత జరిగే కోట అనే ఊరికి ఒక పూట నడక. నాకు పెళ్ళయిన నాలుగో ఏడు, అరవైల నడిమిలో, ఎండాకాలం మొదట్లో ఒక జీపు వచ్చింది. అందులోంచి తెల్లచొక్కా, నల్లద్దాల మనిషి దిగాడు. మద్రాసులో విమానాల కంపెనీ అన్నాడు. మనుషులను తిప్పే పెద్ద విమానాలన్నీ సర్కారు చేతికి పోయాయట. తమలాంటి చిన్న కంపెనీలు యుద్ధంలో మిగిలిన పాత విమానాలు కొనుక్కుని సరుకు మోస్తూ నెట్టుకొస్తున్నాయట. ఇప్పుడు ఆ సరుకు కోసమే మా ఊరిదాకా వచ్చానన్నాడు.

"పొద్దున మీరు పట్టిన రొయ్య సాయంత్రానికి కలకత్తాలో ఉంటుంది."

"కలకత్తావోళ్ళకి రొయ్యల్లేవా సారూ, మనం మోసుకుపోవాలా?" అని వెనకనుంచి ఒక ముసలామె అడిగింది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

విమానం దిగడానికి ఆయనకు మా పర్ర కావాలి. ఇసక దిబ్బల వెనక ఉండే చదునైన చవిటి నేల అది. గడ్డి కూడా మొలవదు. ఎండాకాలం బండలా గట్టిపడుతుంది. మా ఆడవాళ్ళం చేపలు ఎండబెట్టుకునేది అక్కడే. ఒక్కొక్కరికి ఒక్కొక్క తావు. తావు ఎవరిదో చెప్పడానికి కాగితాలు లేవు. రోజూ ఎవరు ఊడిస్తే వాళ్ళది. ఒక నెల చీపురు పడకపోతే అది వదిలేసిన తావు కిందే లెక్క, ఎవరైనా వచ్చి ఊడ్చుకోవచ్చు. నా తావు మా అత్త ఇచ్చిపోయింది. చనిపోయే ముందు నన్ను తీసుకుపోయి చీపురు నా చేతికిచ్చింది. ఆమె దగ్గర నాకు వచ్చింది అదొక్కటే.

ఆయన నాలుగు రోజులు గొలుసు పట్టించి నేల కొలిపించాడు. నేను ఎండబెట్టిన నెత్తళ్ళు, ఆ చిన్న చేపలు, తిరగేస్తూ చూస్తూనే ఉన్నాను. మా మగవాళ్ళు పడవ నీళ్ళలోకి తోసేముందు గాలి చూస్తారు. ఈయన ఒక్కసారి కూడా గాలి ఎటునుంచి కొడుతుందని అడగలేదు. కార్తీకంలో ఈ నేల మీద మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. ఆ మాటా అడగలేదు. ఎన్ని ఇళ్ళు, ఎవరి మాట ఎవరు వింటారు, పట్టాలున్నాయా, ఇవే అడిగాడు.

పోయేముందు ఇంకో మాట చెప్పాడు. చేపలుంటే కాకులూ గద్దలూ వస్తాయి, అవి తగిలితే విమానం కూలిపోతుంది, కాబట్టి ఒక నెల పర్ర మీద ఏమీ ఎండబెట్టొద్దు. వినడానికి నిజంలాగే ఉంది. మా మామ ఊళ్ళో చెప్పించాడు. చీపుర్లు ఇళ్ళలో మూలకు చేరాయి. మేము ఒడ్డున వదులు ఇసకలో ఆరబోసుకున్నాం. ఇసక కలిసిన నెత్తళ్ళను కోట సంతలో ఎవరూ ముట్టుకోలేదు.

ఇరవై రోజులకు విమానం వచ్చింది. మా తాటిచెట్ల మీదుగా రెండుసార్లు తిరిగి దక్షిణంగా పోయింది. పిల్లలు దాని నీడ వెంట పరుగెత్తారు.

"చూసినావు గదా, ఇంకేందిమే నీ అనుమానం?" అన్నాడు మా ఆయన.

"ఎగిరింది. దిగలేదు గదా."

"దిగితే రెక్కలు చెక్కవా రేకువా అని తట్టి చూస్తావు నువ్వు!"

"చూస్తా. చూస్తే తప్పా?"

తరవాతి వారం కాగితం వచ్చింది. జీపు మనిషే పెద్దల ముందు చదివాడు. ఎండాకాలం మూడు నెలలు విమానం దిగుతుంది, మిగతా నెలలు నేల మీ ఊరిదే అన్నాడు. శుక్రవారం వచ్చి అందరి వేలిముద్రలు తీసుకుంటానని కాగితాన్ని మా మామ దగ్గర ఉంచి వెళ్ళాడు.

చదువు రానివాళ్ళకు ఒక జాగ్రత్త ఉంటుంది. ఒకే కాగితాన్ని ఇద్దరి చేత, ఒకరికి తెలియకుండా ఒకరి చేత, చదివించుకోవడం. గురువారం మామ రేవుకు పోగానే ఆయన రేకు పెట్టె తీశాను. గంప అడుగున కాగితం, దానిమీద తాటాకు, తాటాకు మీద నెత్తళ్ళు. కోటలో ముందు బట్టల కొట్టు గుమాస్తా చదివాడు. తరవాత బడిపంతులుగారి భార్య దగ్గరకు పోయాను. ఆమె చేపలు తినదు, గంపను గుమ్మం బయటే పెట్టమంది. కాగితం మాత్రం రెండుసార్లు చదివింది.

ఇద్దరూ చెప్పింది ఒకటే. ఈ నేలను వాడటం మానేశాం, ఇకమీదట మాకు దీంతో పనిలేదు, మా ఇష్టంతోనే వదులుకుంటున్నాం.

"మరి విమానం ఎన్ని నెలలని ఉందమ్మా?" అని అడిగాను.

"విమానమా? ఇందులో ఆ ఊసే లేదే," అంది ఆమె.

సాయంత్రం మామ ముందు కాగితం పెట్టాను.

"నా పెట్టె తీసినావా?"

"తీసినా మామా. దీంట్లో విమానం లేదంట. నేల వాడటం మానేసినామని మనమే చెప్తా ఉండామంట."

"సారు చదివినప్పుడు నేనుండాను. విమానమని నా చెవులతో విన్నా."

"ఆయన చదివినాడో, ఊరికే చెప్పినాడో, మనకెట్ట తెలుస్తాది?"

మామ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తలకిందులుగా పట్టుకున్నాడేమో, అప్పుడు నాకూ తెలియదు.

"మానేయమన్నది ఆయనే గదా," అన్నాడు చివరికి, తనలో తాను అనుకున్నట్టు. ముద్ర వేయమనలేదు, వద్దనీ అనలేదు.

ఆ జీపు మనిషి మోసగాడేనని ఈరోజుకీ గట్టిగా చెప్పలేను. ఆ కంపెనీ నిజంగానే ఉండి, కాగితం రాసినవాడు తన తెలివి చూపించాడేమో. విమానం ఆయనదో, దారినపోయేదో, అదీ తెలియదు.

మరునాడు తెల్లవారగానే చీపురు తీసుకుని పర్రకు పోయాను. చీపురు ఆగి నెల కావడానికి ఇంకా రెండు రోజులున్నాయి. జీపు చక్రాల జాడలు నా తావు మీదుగా పోయి ఉన్నాయి. వాటిని ఊడ్చేసి నెత్తళ్ళు పరిచాను. జీపు వచ్చేసరికి నా రెండు చేతులూ మోచేతులదాకా చేపలు కడిగే ఉప్పునీళ్ళ కుండలో ఉన్నాయి. ఆయన సిరా పెట్టె తెరిచి నా ముందు నిలబడ్డాడు. నేను చేతులు బయటికి తీయలేదు. అప్పటికే కాకులు వచ్చి వాలుతున్నాయి. వాటిని కూడా తోలలేదు.