కబడ్డీ చేతులతో జీడిబట్టీ

మోకాలు పోయేదాకా జీతానికి కబడ్డీ ఆడాను. మూలన నిలబడి, కూతకొచ్చినవాడి చీలమండ పట్టడమే నా పని. ఆట మానేశాక పలాసలో చిన్న జీడిబట్టీ పెట్టి, వలస పోకుండా ఉంటారని పాత జట్టువాళ్లనే పనిలోకి తీసుకున్నాను. చెక్కసుత్తితో మెల్లగా కొట్టాల్సిన జీడిపిక్కను మావాళ్లు పగబట్టినట్టు బాదేవారు. పప్పంతా ముక్కలే.

"ఏటి మావా, గుండు పప్పు తెమ్మంటే నూక తెచ్చినావు?" అని కొనేవాడు నవ్వాడు.

"మెల్లగా కొట్టండ్రా" అని రోజూ అరిచాను.

"ఆటలో ఎప్పుడైనా మెల్లగా పట్టమన్నావేటి మావా? ఇప్పుడెలా వత్తాది?" అన్నాడొకడు.

ఆ వేసవిలోనే బట్టీ మూతపడింది. అందరూ చెన్నై రైలెక్కారు. ఎవరూ తిరిగి రాలేదు. వచ్చినా, ఇవ్వడానికి నా దగ్గర పని లేదు.