ట్యాగులకు అంటిన నూనె

ఒక ఫైబర్ ప్లేటు పదిహేనేళ్లుగా నా గుండెల మీద ఉంది. తూకం వేస్తే పావు కిలో కూడా తూగదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

రెండు వేల దశకంలో అనంతపురంలో పరిశోధన చేసేవాళ్లం, నేనూ మస్తానూ. గాజునార గుడ్డను పొరలుగా పరిచి, రెజిన్ అనే జిగురు పూసి, గట్టి ప్లేట్లు తయారుచేసేవాళ్లం. మధ్య పొరలో ఒక ఎలక్ట్రానిక్ ట్యాగు పెడితే, ఆ వస్తువు ఎప్పుడు తయారైందో, ఎప్పుడు మరమ్మతు అయిందో అదే చెబుతుంది. మరి ఆ ట్యాగు వల్ల ప్లేటు బలం తగ్గుతుందా? ఇది మస్తాన్ ప్రశ్న. మంచి ప్రశ్న. నాకు తట్టనందుకు కుళ్లుకున్నాను.

వాళ్ల నాయన గుంతకల్లులో పరుపులు కుట్టేవాడు. ఆ పనితనం కొడుక్కీ వచ్చింది. మస్తాన్ చేసిన ప్లేటును మా గైడు వెలుతురుకు పట్టి చూసి, ఒక్క బుడగ కూడా లేదని మురిసిపోయేవారు. నావి పట్టి చూసేవారే కాదు. గోరంట్లలో పొలాలున్న ఇంటివాణ్ని, బడిలో ఎప్పుడూ మొదటివాణ్ని, పరుపులు కుట్టేవాడి కొడుకు ముందు తీసిపోవడమా? రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ సరిగ్గా ఇలాగే అనుకున్నాను.

ట్యాగులు తుడిచి ఇవ్వడం నా పని. పరీక్షకు ప్లేట్లు చేసే రోజు నూనెలో వేయించిన వేరుశనగలు తింటూ కూర్చున్నాను. వేళ్లనిండా నూనె. జిడ్డు ఉంటే రెజిన్ పట్టదని నాకు తెలుసు. చేతులు కడుక్కోవడం మరిచిపోయానా? చాలా ఏళ్లు నాకు నేనే అలా చెప్పుకున్నాను. లేదు. ఒక్కో ట్యాగునూ బొటనవేలితో రెండు వైపులా నిమిరి మరీ అందించాను.

యంత్రం మీద వంచగానే ఆ ప్లేట్లు ట్యాగు దగ్గరే పొరలు విడిపోయాయి. ట్యాగు లేనివి నిలబడ్డాయి. మస్తాన్ విరిగిన ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"నా చెయ్యే బాగలేదన్నా. యాడ ట్యాగు పెట్టినానో ఆడ్నే లేచిపోయినాది. నీకు గూడా ఆర్నెల్లు దండగ చేసినా. ఏమనుకోవద్దు."

"పోనీలేప్పా," అన్నాను.

అతను పరిశోధన మానేసి ఏదో పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయాడు. నేను అదే ప్రయోగం శుభ్రమైన ట్యాగులతో మళ్లీ చేశాను. బలం పెద్దగా తగ్గలేదు. దాంతోనే నాకు డాక్టరేటు వచ్చింది. ముందటి ప్లేట్లు చెడడానికి కారణం తయారుచేసినవారి పనిలోపమని థీసిస్‌లో రాశాను కూడా.

అందరికంటే ముందు ఫోన్ చేసి సంతోషించింది మస్తానే. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. పైగా ఇంకా అసూయపడ్డాను, తప్పంతా తన మీద వేసుకుని కూడా అంత హాయిగా నవ్వగలిగిన మనిషిని చూసి.

ఈమధ్య అతని శిష్యుడొకడు పరిశోధనకు నా దగ్గర చేరాడు. వాళ్ల సారు అంతా బోర్డు మీదే వివరిస్తాడట. ప్లేటు మాత్రం ముట్టుకోడట, తన చెయ్యి మంచిది కాదంటాడట. ఆ కుర్రాడు నవ్వుతూ చెప్పాడు. విని నేనూ నవ్వాను. నవ్వి, గది తలుపు వేసుకున్నాను.

మస్తాన్ చేతిలో ఏ లోపమూ లేదు. ట్యాగులు పాడుచేసింది నేను. ఈ కాగితం అతనికి పంపుతానో లేదో నాకే తెలియదు, క్షమిస్తాడనీ అనుకోను. కానీ ఆ రెండు వాక్యాలూ రాసేశాను. ఇన్నేళ్లలో మొదటిసారి నిజం నా చేతిరాతలో ఉంది.