బొటనవేలు నొక్కిన చోట

ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో ఒక లేడీ డాక్టరు ఎనిమిది మంచాల చిన్న ఆసుపత్రి నడిపేది. పదో తరగతి పాసై రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాక, తొంభైల నడిమిలో, నేను అక్కడ ఆయాగా చేరాను. చేరిన రోజే డాక్టరమ్మ నాకు నీలం అంచున్న తెల్లచీరలు రెండు ఇచ్చింది. అక్కడి ఇద్దరు నర్సుల చీరలకు అంచు ఉండదు. ఆ తేడా ఆసుపత్రి గడప లోపలే. ఆదివారం బస్సెక్కి ఉదయగిరి దగ్గర మా ఊళ్లో దిగేసరికి నీలం అంచును ఎవరూ చూసేవారు కాదు.

"నర్సమ్మ దిగింది" అనేవారు.

నేను కాదనలేదు. మొదటి వారం సిగ్గుపడి ఊరుకున్నాను, రెండో వారం నుంచి ఇష్టపడి ఊరుకున్నాను. చర్చికి కూడా ఆ చీరే కట్టుకుని వెళ్లేదాన్ని. పాటలు అయిపోయి బయటికి రాగానే ఆడవాళ్లు చుట్టూ చేరి పిల్లల నాలుకలు చూపించేవారు, మోకాళ్లు చూపించేవారు. నేను తోచింది చెప్పేదాన్ని. తోచింది అంటే అబద్ధం. చదివింది చెప్పేదాన్ని.

ఉదయగిరి శాఖా గ్రంథాలయంలో నేను చదవని అర లేదు. పేపర్ల బల్ల దగ్గర మగవాళ్లు కూర్చుంటే, లైబ్రేరియన్ సారు నన్ను లోపలి బీరువాల దగ్గరికి పోనిచ్చేవాడు. ఎడమ చివర నుంచి మొదలుపెట్టి కుడి చివర దాకా చదివాను. అట్ట ఊడిపోయిన ఆరోగ్యశాస్త్రం పుస్తకం ఒకటి నాలుగుసార్లు తెచ్చుకున్నాను. గుండెలో ఎన్ని గదులో, రక్తం ఏ దారిన పోయి ఏ దారిన వస్తుందో నోట్‌బుక్కులో బొమ్మలు వేసుకున్నాను. ఆసుపత్రిలో ఆ సంగతులు మాట్లాడితే నర్సులు నవ్వేవారు. "ఇంత తెలిసినదానివి బక్కెట్టెందుకు ఎత్తతా ఉండావుమే?" అని ఒకామె అడిగింది. ఆ మాటను నేను పొగడ్తగానే తీసుకున్నాను.

ఆ ఏడు మా వదినకు మొదటి కాన్పు. ఎనిమిదో నెల. మా అన్న లారీ మీద మద్రాసు వైపు తిరిగేవాడు, ఇంట్లో నాయన, అవ్వ, వదిన. ఒక ఆదివారం వదిన అరుగు మీద కూర్చుని కాళ్లు చాపింది.

"చూడుమే, మెట్టెలు బిగిసిపోయినాయి. తలకాయ గూడా ఒకటే నొప్పి."

నేను పుస్తకం భాషలోనే చెప్పాను. "గర్భిణులకు పాదాల వాపు సహజం. కాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకో. తలనొప్పి ఎండకు."

మా అవ్వ మంత్రసాని. ముప్పై ఏళ్లుగా మా వీధిలో బిడ్డలందరినీ ముందు పట్టుకున్నవి ఆమె చేతులే. ఆమెకు మహా సంతోషమైంది. "నేను చెప్తే ముసిల్దాని మాటంటారు. ఇప్పుడు బుక్కు గూడా అదే చెప్తా ఉండాది గదా" అంది.

తరవాత తొమ్మిది రోజులకు, మంగళవారం, డాక్టరమ్మ మద్రాసులో పెళ్లికి పోతూ ఆసుపత్రి మూసింది. ఆ రాత్రికే ఊరికి వచ్చాను, అందుకే బుధవారం నేను ఇంట్లో ఉన్నాను. బుధవారం మా ఊరికి ఏఎన్ఎం వచ్చే రోజు. ఆరు ఊళ్లు ఆమెవి. భుజాన టీకాల డబ్బా, చేతిలో నల్ల గొడుగు, దుమ్ములో నడిచి నడిచి గోధుమరంగుకు తిరిగిన చెప్పులు. పెద్దవయసు మనిషి. మా ఊళ్లో ఆమెను 'సూదులామె' అనేవారు. రంగు చీర కట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంది కాబట్టి ఆమె నర్సు కాదనీ, తెల్లచీర కట్టుకుని బస్సు దిగుతాను కాబట్టి నేను నర్సుననీ మా ఊరి లెక్క. ఆమె వస్తే పిల్లల్ని దాచేవారు. నేను వస్తే కుర్చీ వేసేవారు. అందులో తప్పుందని నాకు ఏ రోజూ తోచలేదు.

ఆమె గడపలోకి వస్తూనే వదిన ముఖం చూసింది. కాళ్లు చూడలేదు, ముఖం. "కళ్లు ఎప్పుడు ఉబ్బినాయి?" అని అడిగింది.

"రెండు దినాలాయ."

వదిన కాలు తన ఒళ్లో పెట్టుకుని మోకాలి కింది ముందెముక మీద బొటనవేలు ఆనించి నొక్కింది. పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టింది. వేలు తీసింది. తడిమట్టి మీద వేలు పెట్టినట్టు అక్కడ గుంట పడి ఉంది. మేమంతా చూస్తున్నాం. ఆ గుంట పూడలేదు.

ఆమె వదిన చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. మళ్లీ రెండో చేతికి చుట్టి చూసింది. తరవాత ఒక సీసా ఇచ్చి వదినను దొడ్లోకి పంపింది. సంచిలోంచి గాజు గొట్టం, స్పిరిటు దీపం తీసి మా అరుగు మీద పెట్టుకుంది. గాలికి దీపం ఆరకుండా గొడుగు అడ్డం పెట్టమని నాతో చెప్పింది. నేను పట్టుకున్నాను. గొట్టంలో మూత్రం పోసి, పైభాగం మాత్రం మంట మీద ఆడించింది. కింద తేటగా ఉన్నది తేటగానే ఉంది. పైన తెల్లగా మబ్బు కట్టింది. ఒక మందు చుక్కలు వేసింది. మబ్బు పోలేదు, ఇంకా చిక్కబడింది.

పద్దెనిమిదేళ్ల జీవితంలో నేను అంతటి వింత చూడలేదు. మనిషి లోపల జరిగేదాన్ని బయటికి తెచ్చి, అరుగు మీద, పట్టపగలు మాకు చూపించింది. మా అవ్వ గొట్టం దగ్గరికి వంగి, "పాలు విరిగినట్టుండాదే" అంది చిన్నగా.

"విరిగింది పాలు కాదవ్వా, ఒంట్లో సారం మూత్రంలో పోతా ఉండాది. బీపీ గూడా బాగా ఎక్కువుండాది. ఈమెకు ఎప్పుడైనా ఫిట్సు రావచ్చు. ఇప్పుడే ఆత్మకూరు పెద్దాసుపత్రికి పోవాల, ఆడ లేడీ డాక్టరు ఉండారు. తల్లి గూడా దక్కదు ఇట్టనే పెట్టుకుంటే."

నాయనకు నమ్మకం కుదరలేదు. "మా పిల్ల నర్సే గదమ్మా. అదేం కాదనిందే?"

ఆమె నావైపు తిరిగింది. "యాడ ట్రైనింగు నువ్వు?"

"ఆత్మకూరులో పనిచేస్తా ఉండా."

"పని అడగలేదుమే. ట్రైనింగు."

నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. నా జవాబు కోసం ఆగేంత తీరిక లేదు ఆమెకు. టీకాల డబ్బాను అవ్వ ముందు పెట్టింది. "నీడలో పెట్టవ్వా. మూత తీయబాక. నాతో పనిచేసే మేల్ వర్కరు వచ్చి తీసుకుపోతాడు." నాయనను జీపు కోసం పరిగెత్తించింది. జీపు వస్తే వదిన పక్కన తనే ఎక్కింది, నేనూ నాయనా కూడా ఎక్కాం. ఇంటింటికీ తిరిగే మనిషి మా ఒక్క ఇంటి కోసం ఆరోజు మిగతా ఇళ్లు వదులుకుంది. సాయంత్రం దాకా మా అవ్వ ఆ డబ్బా పక్కన కూర్చుని కోడిని కూడా దగ్గరికి రానీయలేదని తరవాత తెలిసింది.

దారిలో వదిన కళ్ల ముందు మెరుపులు వస్తున్నాయంది. ఏఎన్ఎం ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల తన తొడ మీద పెట్టుకుంది. చేతిగుడ్డ చుట్టచుట్టి సిద్ధంగా పట్టుకుంది, ఫిట్సు వస్తే కొట్టుకోకుండా తల కింద పెట్టడానికి. "దూరం చూడబాకమ్మా, నా గాజులు చూస్తా ఉండు" అంటూ ఉంది. నేను వదిన పాదాలు పట్టుకుని కూర్చున్నాను. దిండు పెట్టుకోమన్నది ఈ పాదాల కిందే.

ఆత్మకూరు పెద్దాసుపత్రిలో లేడీ డాక్టరు వదినను పది నిమిషాలు చూసింది. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకొకసారి, బిడ్డను ఎప్పుడు బయటికి తేవాలి, అంతా కాగితం మీద రాసి వేరే కాన్పుకు వెళ్లింది. ఆ కాగితం స్టాఫ్ నర్సు చేతికి వచ్చింది. కళ్లద్దాల పొట్టి మనిషి. అప్పటినుంచి వదిన ఆ మనిషి చేతిలో ఉంది.

రెండు తుంట్లకూ సూదులు వేసింది. తరవాత స్టూలు లాక్కుని, గడియారం చూస్తూ వదిన ఊపిరి లెక్కపెట్టింది. మంచం కింద వేలాడే సంచిలో మూత్రం ఎంత దిగిందో చూసి రాసింది. మోకాలి కింద చేతి అంచుతో చిన్నగా కొట్టింది. కాలు ఎగిరింది. రాసింది. గంటకు మళ్లీ వచ్చి అదే వరసలో అన్నీ చేసింది. మూడోసారికి నేను ఆగలేక అడిగాను, కాలెందుకు కొడుతున్నారని.

"ఈ మందు ఫిట్సును ఆపుతుంది. ఎక్కువైతే ఊపిరినీ ఆపుతుంది. ఊపిరి ఆగే ముందు ఈ కాలు ఎగరడం మానేస్తుంది. అందుకని కాలును అడగతా ఉండా."

కాలును అడగడం. నేను లైబ్రరీలో అన్ని బీరువాలు తిరిగినా ఆ మాట ఎక్కడా తగల్లేదు.

అంతలో వదిన వాంతి చేసుకుంది. దుప్పటి పాడైంది. నా చేతులు వాటంతట అవే కదిలాయి. మనిషిని లేపకుండా ఒక పక్కకు దొర్లించి, పాత దుప్పటి సగం చుట్టి, కొత్తది సగం పరిచి, రెండో పక్కకు దొర్లించి లాగేశాను. ముడత లేదు. స్టాఫ్ నర్సు చూసింది.

"యాడ నేర్చుకున్నావు?"

ఏఎన్ఎం గోడకానుకుని నిలబడి ఉంది. నాయన గుమ్మంలో ఉన్నాడు. "నేను ఆయానండీ" అన్నాను.

నాయన తల వంచుకున్నాడు. స్టాఫ్ నర్సు మాత్రం మామూలుగా, "మంచిదే. ఆయా రాకపోతే ఈ వార్డు ఒక పూట నిలవదు. ఆ బేసిను అందుకో" అంది.

మర్నాడు పొద్దున వదినకు ఆడపిల్ల పుట్టింది. రెండు చేతుల్లో పట్టేంత. దూదిలో చుట్టి వెచ్చగా ఉంచారు. వదిన రక్తపోటు దిగుతోందని డాక్టరు చెప్పింది. వదిన సంగతి చూసిపోదామని మొదటి బస్సుకే మళ్లీ వచ్చిన ఏఎన్ఎం, డ్యూటీ దిగుతున్న స్టాఫ్ నర్సు వరండా బల్ల మీద టీ తాగుతుంటే నేను పక్కన నిలబడ్డాను.

"మీరు జీపెక్కించి పంపిస్తారు, మేం కూర్చుని కాళ్లు కొట్టుకోవాల" అంది స్టాఫ్ నర్సు.

"మేం పంపకపోతే నువ్వు ఎవరి కాలు కొడతావు, నీదా?" అంది ఏఎన్ఎం.

ఇద్దరూ నవ్వారు. ఇద్దరి దారులూ వేరని నాకు అప్పుడే తెలిసింది. స్టాఫ్ నర్సు ఇంటర్ అయ్యాక నెల్లూరులో మూడేళ్లకు పైగా హాస్టల్లో ఉండి, వార్డు తరవాత వార్డు తిరిగి నేర్చుకుంది. ఇంకా ఏళ్లు గడిస్తే హెడ్ నర్సు అవుతుంది. నాలుగేళ్ల డిగ్రీ చదివినవాళ్లయితే నర్సులకు పాఠాలు చెప్పే దాకా పోతారట. ఏఎన్ఎంది పది తరవాత ఏడాదిన్నర చదువు. ఎప్పటికో సూపర్‌వైజరు అవుతుంది.

"మరి ఎవరు పెద్దండీ?" అని అడిగాను.

"ఇదొక ప్రశ్నంటమ్మా" అంది ఏఎన్ఎం. "ఆ సూది నేను వేయకూడదు. డాక్టరు రాయాల, ఈమె వేయాల. ఈమె రోగమొచ్చిన ఒక్క మనిషి దగ్గర కూర్చుంటాది. నేను రోగం రాని ఆరు ఊళ్ల వెంట తిరగతా ఉంటా, ఎవరికి రాబోతాదోనని. ఎవరి పని వాళ్లకు తెలియాల, అంతే. తెలియనిది చెప్పకూడదు." చివరి మాట అంటూ నావైపు చూడలేదు. చూసి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో.

రెండు వారాలకు వదిన ఇంటికొచ్చింది. నేను ఆ ఆదివారం రంగు చీర కట్టుకుని వెళ్లాను. వదిన పక్కన కూర్చుని చెప్పేశాను, నేను ఆయానని, నర్సును కాదని, అందరూ అంటుంటే ఊరుకున్నానని.

వదిన బిడ్డ మీద ఈగను తోలుతూ, "అది నాకెప్పుడో తెలుసుమే" అంది. "మా పిన్నమ్మ కూతురు మీ ఆసుపత్రికే వచ్చింది గదా, నువ్వు నేల తుడస్తా ఉంటే చూసిందంట."

"మరి నా మాటెందుకు విన్నావు?"

"బుక్కులు చదివినదానివి గదా. అందుకని."

తెల్లచీర అబద్ధమైనా, చదువు నిజమేనని అప్పటిదాకా నాలో ఒక మూల ధైర్యం ఉండేది.

ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్లి అట్ట లేని పుస్తకం తీయించాను. పాదాల వాపు సహజమన్న వాక్యం నేను చెప్పినట్టే ఉంది. దాని కిందే, ముఖానికి వాపు వస్తే, తలనొప్పి ఉంటే ఆలస్యం చేయకూడదని ఉంది. ఆ పేజీ నేను నాలుగుసార్లు చదివాను. ఆ వాక్యం కింద నా పెన్సిలు గీత కూడా ఉంది. అందులో అర్థం కాని మాట ఒక్కటీ లేదు. కానీ ఆ మాటలు మనిషి మీద ఎలా కనిపిస్తాయో నాకు తెలియదు. ఎదురుగా వదిన ముఖం ఉన్నా తెలియలేదు. పుస్తకం తప్పు చెప్పలేదు. దాన్ని మనిషి దాకా తీసుకువెళ్లే బొటనవేలు నాకు లేదు.

ఏఎన్ఎం శిక్షణకు దరఖాస్తు ఆ సూదులామే తెచ్చి ఇచ్చింది. మూడేళ్ల నర్సు చదువుకు ఇంటర్ లేదు నాకు, ఉన్నా ఈ దారే కావాలనిపించేది. 'ప్రస్తుతం చేయుచున్న పని' అన్న చోట ఆయా అని రాశాను. రాసేటప్పుడు నాయన వెనక నిలబడి చదివాడు. సీటు వచ్చింది. ఏడాదిన్నర పాటు బొమ్మ మీద, తరవాత మనుషుల మీద నేర్చుకున్నాను.

ఆ శిక్షణలో మొదటి సెలవుకు ఇంటికొచ్చినప్పుడు వదిన అరుగు మీద బియ్యం ఏరుతోంది. "కాలు చాపు వదినా" అన్నాను.

"ఇప్పుడేందిమే, నాకేం లేదు గదా."

"చాపు."

కాలు ఒళ్లో పెట్టుకుని ముందెముక మీద బొటనవేలు నొక్కి లెక్కపెట్టాను. అవ్వ గడపలోంచి మెడ చాచి చూస్తోంది. అప్పటికి నడక నేర్చిన పాప వచ్చి తన కాలూ చాపింది. వేలు తీశాను. చర్మం మీద తెల్లగా ముద్ర కనిపించి, చూస్తుండగానే రంగు వచ్చేసింది. గుంట లేదు.